ఖాట్మండు సిటీ, ఖాట్మండు జిల్లా, ఖాట్మండు లోయ: మూడూ ఒకటేనా? ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

పెన్నేరు_పిల్లోడు:
అందరికీ నమస్తే. మా ఆఫీసోళ్ళు నన్ను ఖాట్మండు ప్రాజెక్ట్‌లో పడేశారు, ఏడాది పైమాటే అంటున్నారు. ఇల్లు చూసుకుందామని ఆన్‌లైన్లో వెతికితే ఒకడు టోఖా అంటాడు ఒకడు బుఢానీలకంఠ అంటాడు ఇంకోడు కీర్తిపుర్ అంటాడు, అన్నిటి కిందా జిల్లా ఖాట్మండు అనే ఉంది. ఇంకో దాంట్లో లలిత్‌పుర్ అని పెట్టి సెంటర్‌కి చాలా దగ్గర అని రాశాడు. నా ఆఫీస్ న్యూ బానేశ్వర్‌లో. సిటీ, జిల్లా, లోయ అని మూడు రకాలుగా వాడుతున్నారు, అవి ఒకటేనా వేరువేరా? మనోళ్ళు ఎవరైనా అక్కడుంటే అర్థమయ్యేట్టు చెప్పండి, నెట్‌లో చదివితే ఇంకా తికమక అయిపోయింది.

చలికి_భయం:
బ్రో ముందు రగ్గు కొనుక్కో, జాగ్రఫీ తర్వాత చూసుకోవచ్చు 😂

లోయలో_లక్ష్మి:
నేను ఇక్కడే ఉంటానండి, మావారి ఉద్యోగం వల్ల వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. మూడూ వేరే. లోయ అంటే చుట్టూ కొండలు మధ్యలో చదును ఉన్న మొత్తం ప్రాంతం, అందులో మూడు జిల్లాలు ఉన్నాయి, ఖాట్మండు, లలిత్‌పుర్, భక్తపుర్. ఖాట్మండు జిల్లా ఈ మూడింట్లో ఒకటి, సుమారు 400 చదరపు కిలోమీటర్లు, అంటే మన జిల్లాలతో పోలిస్తే ఒకటి రెండు పెద్ద మండలాలంత. ఆ జిల్లా లోపల మళ్ళీ 11 పాలికలు, అంటే మన మున్సిపాలిటీల్లాంటివి. ఖాట్మండు మహానగరపాలిక ఒకటి, మిగతా పది నగరపాలికలు. కీర్తిపుర్, టోఖా, బుఢానీలకంఠ, తారకేశ్వర్, గోకర్ణేశ్వర్, నాగార్జున్, చంద్రాగిరి, దక్షిణకాళి, కాగేశ్వరీ మనోహరా, శంఖరాపుర్. సిటీ అని అందరూ అనేది ఆ మహానగరపాలికని, అది 50 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, 32 వార్డులు. మీకు కనపడ్డ టోఖా జిల్లాలో ఉంది సిటీలో లేదు. లలిత్‌పుర్ అసలు ఈ జిల్లానే కాదు, వేరే జిల్లా, వేరే మేయరు.

రిటైర్డ్_తహసీల్దార్:
అమ్మా లక్ష్మీ, మంచిగ చెప్పినవ్. గమ్మతేందంటే మా హైదరాబాద్ల మొన్నటిదాక ఇది ఉల్టా ఉండె. హైదరాబాద్ జిల్లా చిన్నది, జీహెచ్ఎంసీ ఏమో జిల్లా దాటి రంగారెడ్డి, మేడ్చల్, సంగారెడ్డి దాకా పోయింది. ఒక కార్పొరేషన్ల నాలుగు జిల్లాలు ఉండె మాకు, అక్కడేమో ఒక్క జిల్లాల పదకొండు మున్సిపాలిటీలు. మరి ఇయన్నీ ఒక్కతాన కలిపేటోడు ఎవరు? కలెక్టర్ ఉంటడా అక్కడ?

లోయలో_లక్ష్మి:
కలెక్టర్ లాంటి ఆయన ఉన్నారు బాబాయ్ గారూ, ప్రముఖ జిల్లా అధికారి అంటారు, జనం నోట్లో సీడీఓ. ఆఫీసు బబర్‌మహల్‌లో. కానీ మీరు అనుకునే కలెక్టర్ కాదు. ఈయన హోం మినిస్ట్రీ మనిషి. శాంతిభద్రతలు, కర్ఫ్యూ, ఆయుధాల లైసెన్సులు, అన్నిటికన్నా ముఖ్యంగా పౌరసత్వం సర్టిఫికెట్ ఇచ్చేది ఆయన ఆఫీసే. ఇక్కడ పదహారేళ్ళు నిండిన పిల్లలకి ఆ కాగితం లేకపోతే ఏ పనీ జరగదు, సిమ్ కార్డు నుంచి బ్యాంకు ఖాతా దాకా, అందుకే బబర్‌మహల్ దగ్గర పొద్దున్నే క్యూ ఉంటుంది. భూమి మాత్రం ఆయన చేతిలో లేదు. రిజిస్ట్రేషన్లు, శిస్తు అంతా మాల్‌పోత్ ఆఫీసులు చూస్తాయి, అవి వేరే శాఖ కింద, డిల్లీబజార్‌లో ఒకటి కలంకీలో ఒకటి చాబహిల్‌లో ఒకటి.

రిటైర్డ్_తహసీల్దార్:
భూమి లేని కలెక్టరా! గట్లయితే ఆయనకు రోజంతా పనేముంటది 😄 మా దగ్గర కలెక్టరేట్ అంటేనే భూమి, పహాణీలు, పాస్‌బుక్కులు. ఒక ముచ్చట చెప్పు, అక్కడ కొలత ఎట్ల? ఎకరాలేనా?

లోయలో_లక్ష్మి:
కాదండి. కొండ ప్రాంతంలో రోపనీ, ఆనా. పదహారు ఆనాలు ఒక రోపనీ. ఒక ఆనా అంటే మన లెక్కలో 38 గజాలు, రోపనీ అంటే 608 గజాలు అలా. తరాయిలో, అంటే దక్షిణాన మైదాన ప్రాంతంలో, మళ్ళీ బిఘా కఠ్ఠా. ఇక్కడ ఇళ్ళ స్థలం నాలుగు ఆనాలు ఉందంటే ఉన్నోడి కిందే లెక్క, రెండున్నర ఆనాల్లో ఐదంతస్తులు లేపేస్తారు.

జాగ్రఫీ_మాస్టారు:
ఆ ఐదంతస్తుల గురించే నా భయం అంతా. ఆ లోయ అడుగు రాయి కాదు, ఒకప్పటి సరస్సు. ఇది పురాణం కాదు, బోర్లు వేసి చూసిన విషయమే, మధ్యలో కొన్ని వందల మీటర్ల లోతు దాకా సరస్సు బురద, ఇసుక, నల్ల బంకమట్టి. మంజుశ్రీ అనే బోధిసత్త్వుడు కత్తితో లోయకి దక్షిణాన చోభార్ దగ్గర కొండ కోసి నీళ్ళు బయటికి పంపాడని స్వయంభూ పురాణం చెప్తుంది, జియాలజీ వాళ్ళు కూడా సరస్సు నీళ్ళు దక్షిణం వైపుకే పోయాయి అంటారు, ఇప్పటికీ లోయ మొత్తానికీ పడ్డ వాన బాగ్మతి రూపంలో ఆ చోభార్ సందులోంచే బయటపడాలి, ఇంకో దారి లేదు. ఇలాంటి మెత్తటి నేల మీద భూకంపం వస్తే కదలిక పెరుగుతుంది, ముఖ్యంగా నెమ్మదిగా ఊగే పొడవాటి తరంగాలు. 1934లో ధరహరా స్తంభం కూలింది, మళ్ళీ కట్టారు, 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చినప్పుడు మళ్ళీ కూలింది. ఆ రోజు శనివారం కాబట్టి బడులు లేవు, లేకపోతే పరిస్థితి ఊహించలేం. పెన్నేరు గారూ ఇల్లు చూసేటప్పుడు ఎన్ని ఆనాల్లో ఎన్ని అంతస్తులు కట్టారో తప్పకుండా చూడండి.

చలికి_భయం:
మాస్టారూ పడుకోబోయే ముందు చదివా, ఇంక నిద్రపట్టదు. సరే ఎవరెస్ట్ కనిపిస్తుందా రూమ్ కిటికీలోంచి?

జాగ్రఫీ_మాస్టారు:
ఎవరెస్ట్ సోలుఖుంబు జిల్లాలో ఉంది, చాలా తూర్పుకి. ఖాట్మండు జిల్లాలో మంచు శిఖరం ఒక్కటీ లేదు. ఉత్తరాన శివపురి, 2,732 మీటర్లు, అదే జిల్లాకి నెత్తి. లోయ అడుగు 1,300 మీటర్ల దగ్గర. మబ్బు పొగ లేని రోజున ఉత్తరాన గణేశ్ హిమాల్, లాంగ్‌టాంగ్ వైపు శిఖరాలు కనిపిస్తాయి, వాన పడి వెలిసిన మర్నాడు బాగుంటుంది. మార్చి ఏప్రిల్‌లో అయితే ఎదురు బిల్డింగే సరిగా కనపడదు. చుట్టూ కొండలు గిన్నె అంచులా ఉంటాయి, చలికాలంలో పైన వెచ్చటి గాలి మూతలా పడి పొగ కిందే ఉండిపోతుంది, దానికి అడవుల మంటలు తోడైతే కొన్ని రోజులు ప్రపంచంలో కాలుష్యం ఎక్కువున్న నగరాల పట్టికలో మొదటి పేరు ఇదే.

ముక్తినాథ్_యాత్రికుడు:
మాకు ఖాట్మండు అంటే పశుపతినాథ్, తమేల్ హోటల్, పొద్దున్నే పోఖరా బస్సు. అంతే 🙏 లక్ష్మి గారూ ఒక డౌట్. పశుపతి గుడి కూడా ఆ మేయర్ కిందే వస్తుందా? మొన్న గుడి దగ్గర ఒకటి కడుతుంటే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియనట్టు మాట్లాడారు.

లోయలో_లక్ష్మి:
స్థలం చూస్తే మహానగరపాలిక లోపలే. గుడి మాత్రం పశుపతి క్షేత్ర వికాస్ కోష్ అని ట్రస్టు, అది కేంద్రం కింద, సాంస్కృతిక శాఖ చూస్తుంది. యునెస్కో వారసత్వ జాబితాలో కూడా ఉంది కాబట్టి పురావస్తు శాఖ కూడా ఒక చెయ్యి వేస్తుంది. గుడిలో మూల పూజారులు భట్టులు, కర్ణాటక వైపు నుంచి వస్తారు, 2008 చివర్లో ప్రభుత్వం వాళ్ళ స్థానంలో నేపాలీ పూజారులని పెట్టబోతే పెద్ద గొడవయ్యి కోర్టు దాకా వెళ్ళి వెనక్కి తగ్గారు. గుడి వెనకే బాగ్మతి, ఆ నీళ్ళ సంగతి ఇంకో సంస్థ. గుడి పక్కనే ఎయిర్‌పోర్ట్, దాని సంగతి ఇంకో సంస్థ. ఒక్క కిలోమీటరులో ఎంతమంది పెద్దలో చూడండి.

ముక్తినాథ్_యాత్రికుడు:
బుఢానీలకంఠ మాత్రం వదలకండి పెన్నేరు గారూ, శేషుడి మీద పడుకున్న విష్ణుమూర్తి, నీళ్ళ మధ్యలో నల్లరాయి విగ్రహం, చూస్తే కదలబుద్ధి కాదు. రాజుల కాలంలో రాజు గారు మాత్రం ఆ గుడికి వెళ్ళేవారు కాదంట.

పెన్నేరు_పిల్లోడు:
లక్ష్మక్కా చాలా థాంక్స్. ఇంకో సంగతి. దేశానికి రాజధాని కదా, మన ఢిల్లీ లాగా స్పెషల్ టెరిటరీ ఏం లేదా?

లోయలో_లక్ష్మి:
లేదు తమ్ముడూ. 2015 రాజ్యాంగంలో రాజధాని ఖాట్మండులో ఉంటుంది అని రాశారు, కానీ దానికంటూ విడిగా పాలన పెట్టలేదు. 77 జిల్లాల్లో ఇదీ ఒకటి, ఏడు ప్రదేశ్‌లలో, అంటే మన రాష్ట్రాల్లాంటివి, బాగ్మతి ప్రదేశ్‌లోకి వస్తుంది, తమాషా ఏంటంటే ఆ ప్రదేశ్ రాజధాని ఖాట్మండు కాదు, హేటౌడా. మకవాన్‌పుర్ జిల్లాలో ఉంది, కొండలు దాటి కిందకి దిగాలి. అంటే దేశ రాజధానిలో ఉన్నోడు ప్రదేశ్ ప్రభుత్వంతో పని పడితే ఘాట్ రోడ్డు దిగి వేరే ఊరు పోవాలి. పార్లమెంటుకి మాత్రం ఈ జిల్లా నుంచి పది సీట్లు, 165లో పది, ఏ జిల్లాకీ అన్ని లేవు.

రిటైర్డ్_తహసీల్దార్:
జిల్లా పరిషత్ అసుంటిది ఉన్నదా మరి?

లోయలో_లక్ష్మి:
జిల్లా సమన్వయ సమితి అని ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ. జిల్లాలోని మేయర్లు, డిప్యూటీ మేయర్లు అందరూ కలిసి జిల్లా సభ, వాళ్ళు ఓటేసి గరిష్ఠంగా తొమ్మిది మందితో సమితిని ఎన్నుకుంటారు. పన్ను వేసే అధికారం లేదు, చెప్పుకోదగ్గ బడ్జెట్టు లేదు, పాలికల మధ్య సర్దుబాటు చెయ్యాలి అంతే. 2017కి ముందు జిల్లా వికాస్ సమితి ఉండేది, దానికి కాస్త డబ్బు పలుకుబడి ఉండేవి, గ్రామ వికాస్ సమితులు దాని కింద. ఫెడరల్ వ్యవస్థ వచ్చాక ఆ బలమంతా పాలికలకి పోయింది. ఈ జిల్లాలో ఇప్పుడు ఒక్క గ్రామపాలిక కూడా లేదు తెలుసా, కాగితం మీద అంతా పట్టణమే, శంఖరాపుర్ వైపు వెళ్తే వరిమళ్ళు, మేకలు, మట్టి రోడ్లు, అయినా నగరపాలిక.

కృష్ణలంక_కుర్రాడు:
మా దగ్గర కూడా అంతేగా, చుట్టూ పొలాలే ఉన్న ఊళ్ళని తీసుకొచ్చి మున్సిపాలిటీలో కలిపేస్తారు, తర్వాత ఇంటిపన్ను నోటీసు వస్తే తెలుస్తుంది మనం పట్నం వాళ్ళం అయ్యామని. ఏపీలో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 చేశారు, మా మావయ్యగారి ఊరు జిల్లా మారింది, కలెక్టరేట్ దగ్గరయింది నిజమే కానీ పాత రికార్డుల కోసం పాత జిల్లాకే తిప్పారు కొన్నాళ్ళు. నా అభిప్రాయం ఏంటంటే గీతలు ఎలా గీసినా ఒకటే, పని చేసేవాడుంటే జరుగుతుంది. అక్కడ మేయర్‌గా చేసినాయన ఎవరో ర్యాపర్ అంట కదా, బాలేన్, ఆయన గట్టిగా చేశాడని విన్నా.

లోయలో_లక్ష్మి:
బాలేన్ షా, 2022లో ఇండిపెండెంట్‌గా నిలబడి గెలిచారు, చదువు సివిల్ ఇంజనీరింగ్. గట్టి మనిషే, కాదనను. కానీ మీ మాట నేను ఒప్పుకోను, గీతలు చాలా ముఖ్యం. పోలీసు మేయర్ చేతిలో లేదు, హోం మినిస్ట్రీ చేతిలో ఉంది. మేయర్‌కి ఉన్నది నగర ప్రహరీ అనే మున్సిపల్ కాపలా దళం, అంటే ఫుట్‌పాత్ మీద బండ్లు తీయించడానికి, అక్రమ కట్టడాలు కూల్చేటప్పుడు నిలబడటానికి. భూమి రికార్డు కేంద్రం శాఖ, కరెంటు కేంద్రం సంస్థ, నీళ్ళు లోయ మొత్తానికి ఒక కంపెనీ, ప్లానింగ్‌కి మూడు జిల్లాలకి కలిపి వికాస్ ప్రాధికరణ్, అంటే డెవలప్‌మెంట్ అథారిటీ. టుకుచా అని నగరం నడిబొడ్డున బిల్డింగుల కిందనుంచి పోయే వాగు ఉంది, దాన్ని బయటికి తీస్తానని కమలాదీ దగ్గర తవ్వించారు, స్థలం వాళ్ళు మాకు పట్టా ఉంది అని కోర్టుకి వెళ్ళారు. పట్టా ఇచ్చింది ఒక ఆఫీసు, తవ్వేది ఇంకో ఆఫీసు. ఇంత గట్టి మేయర్‌కే అలా అయింది.

కృష్ణలంక_కుర్రాడు:
అయితే చెత్త అయినా మేయర్ చేతిలో ఉందా లేక దానికీ వేరే దేశం ఉందా 😀

లోయలో_లక్ష్మి:
చెత్త మేయర్ బాధ్యతే, చోటు మాత్రం వేరే జిల్లాది! 2005 నుంచి నువాకోట్ జిల్లాలోని సిస్‌డోల్‌లో పోశారు, తాత్కాలికం అని మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటించారు, 2022 నుంచి దాని పక్కనే బంచరే డాండా. ఆ ఊళ్ళవాళ్ళు లారీలు ఆపేస్తే ఇక్కడ మా వీధి చివర కుప్ప పెరుగుతుంది. వాళ్ళ తప్పని నేననను, మన కంపు వాళ్ళ ముక్కు కింద పోస్తే ఎవరూరుకుంటారు. వాన కాలంలో రోడ్డు బురదయినా లారీలు ఆగిపోతాయి, అప్పుడు తడిచెత్త ఇంట్లోనే దాచుకోండి అని పాలిక నుంచి ప్రకటన వస్తుంది.

జాగ్రఫీ_మాస్టారు:
నీళ్ళ కథ కూడా అంతే. జిల్లాలో పుట్టే నదులు శివపురి నుంచి దిగుతాయి, బాగ్మతి బాగ్‌ద్వార్ దగ్గర, విష్ణుమతి కూడా ఆ కొండ మీదే, రెండూ టేకు దగ్గర కలుస్తాయి. చిన్న పరీవాహకం, లక్షల జనం, ఎలా సరిపోతుంది. అందుకని పక్క సింధుపాల్చోక్ జిల్లాలోని మేలమ్చీ నదిని 26 కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలో సుందరీజల్‌కి తెచ్చారు, రోజుకి 17 కోట్ల లీటర్లు. దశాబ్దాల తరబడి మాటలు, చివరికి 2021 మార్చిలో నగరానికి నీళ్ళు వచ్చాయి, జూన్‌లో వరద వచ్చి నదిలోంచి నీళ్ళు మళ్ళించే హెడ్‌వర్క్స్ దగ్గర అంతా బండరాళ్ళు మట్టితో పూడ్చేసింది. మూడు నెలల సంబరం. ఆ తర్వాత మరమ్మతు చేసి చలికాలం వేసవి తెస్తున్నారు, వానాకాలం ఆపేస్తున్నారు. వానాకాలంలో నీళ్ళ కరువు అన్నమాట, వినడానికి విచిత్రంగా ఉంటుంది.

లోయలో_లక్ష్మి:
అందుకే తమ్ముడూ ఇల్లు చూసేటప్పుడు అద్దె కన్నా ముందు నీళ్ళు అడుగు. మేలమ్చీ లైన్ ఉందా, బోరింగ్ ఉందా, ట్యాంకర్ కొంటారా, ట్యాంకర్ అయితే ఖర్చు ఎవరిది. బోరు నీళ్ళు చాలా చోట్ల పసుపుగా ఇనుము వాసన వస్తాయి, తాగడానికి జార్ వేయించుకోవాల్సిందే.

ముక్తినాథ్_యాత్రికుడు:
మీరు కర్ఫ్యూ అన్నారు కదా, దాని మీద ఒక మాట. 2025 సెప్టెంబర్ గొడవలప్పుడు మా చుట్టాలు అక్కడే ఇరుక్కుపోయారు. 8న న్యూ బానేశ్వర్ పార్లమెంటు దగ్గర కాల్పులు, 9న సింహ దర్బార్ (ప్రభుత్వ సచివాలయం), సుప్రీం కోర్టు అన్నీ తగలబెట్టారు, ఎయిర్‌పోర్ట్ మూసేశారు. హోటల్లోంచి బయటికి రాకుండా ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నారు పాపం. ఏపీ ప్రభుత్వం స్పెషల్ ఫ్లైట్ వేసి మనోళ్ళని వైజాగ్, తిరుపతి తీసుకొచ్చింది. అప్పుడు కర్ఫ్యూ పెట్టింది ఎవరు, మేయరా సీడీఓనా?

లోయలో_లక్ష్మి:
8న సీడీఓ ఆఫీసు ఆర్డర్లే. ముందు బానేశ్వర్ చుట్టూ, తర్వాత రాష్ట్రపతి భవన్, సింహ దర్బార్ వైపులకి పెంచుతూ పోయారు, ఏ చౌక్ నుంచి ఏ చౌక్ దాకా అని పేర్లతో సహా కాగితం వస్తుంది, అందరం ఆ కాగితమే ఫార్వర్డ్ చేసుకున్నాం. 9 రాత్రి నుంచి సైన్యం దిగింది, ఇక ఆర్డర్లన్నీ వాళ్ళవి. తమాషాగా మాకు నదికి అవతల లలిత్‌పుర్‌లో ఉన్న స్నేహితులకి వేరే కర్ఫ్యూ కాగితం, అది ఆ జిల్లా సీడీఓది. ఒక వంతెన, రెండు వైపులా రెండు టైములు.

రిటైర్డ్_తహసీల్దార్:
ఇప్పుడర్థమైంది. భూమి లేకున్నా సీడీఓ చిన్నోడేం కాదు.

పెన్నేరు_పిల్లోడు:
మా ఆఫీస్ సరిగ్గా ఆ పార్లమెంటు దగ్గరే అక్కా 😐 ఇంతకీ జనం సిటీలోనే ఉంటారా బయటా? టోఖాలో అద్దె తక్కువ కనిపిస్తోంది.

జాగ్రఫీ_మాస్టారు:
దీనికి జనాభా లెక్కలే జవాబు. జిల్లా జనాభా 2011లో 17.44 లక్షలు, 2021లో 20 లక్షలు దాటింది. కానీ మహానగరపాలిక లోపల తగ్గింది! 9.75 లక్షల నుంచి 8.6 లక్షల చిల్లరకి వచ్చింది. పాత ఇళ్ళు షాపులూ ఆఫీసులూ అయిపోయి మనుషులు రింగ్ రోడ్డు దాటి టోఖా, బుఢానీలకంఠ, చంద్రాగిరి, నాగార్జున్ వైపు పోయారు. రింగ్ రోడ్డు 27 కిలోమీటర్లు, 1970ల్లో చైనా సాయంతో వేసింది, అప్పట్లో ఊరికి హద్దు అది, ఇప్పుడు ఊరి నడుమున వడ్డాణం. పొలాల గట్ల మీదే సందులు, సందుల మీదే ఇళ్ళు, ఫైరింజన్ పట్టని దారులు చాలా ఉన్నాయి. చంద్రాగిరి వైపు ఉంటే ఇంకోటి, అక్కడ థాన్‌కోట్, నాగ్‌ఢుంగా దగ్గరే లోయకి ముఖ్యమైన పడమటి గుమ్మం, బియ్యం పప్పు పెట్రోలు అన్నీ ఆ కనుమ ఎక్కే వస్తాయి. 2024 సెప్టెంబర్ చివరి వానలకి ఆ కనుమ దిగాక ధాదింగ్ జిల్లాలో ఝ్యాప్లే ఖోలా దగ్గర బస్సుల మీద కొండ విరిగిపడి చాలామంది పోయారు, రోడ్డు మూసుకుపోయి ఊళ్ళో కూరగాయల ధరలు ఎగిరాయి. జపాన్ సాయంతో అక్కడ 2.7 కిలోమీటర్ల సొరంగం తవ్వారు, 2024లో రెండు వైపుల తవ్వకం కలిసింది.

లోయలో_లక్ష్మి:
టోఖాలో అద్దె తక్కువ నిజమే, గాలి కూడా కాస్త నయం. కానీ టోఖా ఊరికి ఉత్తరం, నీ ఆఫీసు ఆగ్నేయం. పొద్దున గొంగబు, చక్రపథ్ దాటి మైక్రోబస్సులో వేలాడుతూ ఊరంతా అడ్డంగా రావాలి. అదే లలిత్‌పుర్ వైపు బాగ్మతి ఒడ్డున చూసుకున్నావంటే శంఖమూల్ వంతెన దాటితే బానేశ్వర్, నడిచి కూడా వెళ్ళొచ్చు. జిల్లా వేరయితే నీకేంటి, సీడీఓతో నీకు పని లేదు. అద్దె పన్ను ఇంటి ఓనరు ఏ పాలికలో ఉంటే ఆ పాలికకి కడతాడు, ఏదైనా సిఫారిస్ కాగితం కావాలంటే వార్డు ఆఫీసే ఇస్తుంది, వార్డు నంబరు మాత్రం ఇల్లు తీసుకున్న రోజే రాసిపెట్టుకో, ఇక్కడ అడ్రసు అంటే పాలిక పేరు, వార్డు నంబరు, దగ్గర్లో ఉన్న చౌక్ పేరు, అంతే.

చలికి_భయం:
అంటే ఖాట్మండులో ఉద్యోగం లలిత్‌పుర్‌లో కాపురం. గుంటూరులో ఇల్లు పెట్టుకుని విజయవాడలో ఉద్యోగం చేసే మా అన్నకి చెప్తా, పెద్ద విశేషం ఏం కాదని.

పెన్నేరు_పిల్లోడు:
సరే అక్కా, శంఖమూల్ చుట్టుపక్కలే రెండు వైపులా చూస్తా. మాస్టారు చెప్పిన అంతస్తులు, మీరు చెప్పిన నీళ్ళు, వార్డు నంబరు, మూడూ అడిగి బ్రోకర్ రిప్లై ఇక్కడే పెడతా. వాడు ఇప్పటికే 'మేలమ్చీ ఉంది సర్' అన్నాడు.

లోయలో_లక్ష్మి:
వానాకాలంలో ఉందా అని అడుగు 😄